ఉసురు ఎవరికి పోతుంది

ముప్పై ఏళ్లు కోయంబత్తూరులో తమిళ పాఠాలు చెప్పాను. తప్పులు దిద్దడం నా ఉద్యోగం. చేతిలో ఎర్ర సిరా పెన్ను లేకపోయినా పెళ్లి పత్రికల్లో, దుకాణం బోర్డుల మీద తప్పులు కళ్లకు తగులుతూనే ఉంటాయి, నా నోరు ఊరుకోదు. మా ఆయన నాతో పెళ్లిళ్లకు రావడానికి జంకేది అందుకే. అలాంటిదాన్ని, నా జన్మలోకెల్లా పెద్ద తప్పు ఒక్క మాటలో చేశాను. అది తమిళ మాట కూడా కాదు. మా ఇంటి మాట.

మా పుట్టిల్లు మదురై పక్కన, వాడిపట్టి దాటాక. మావాళ్లు ఎప్పుడు ఇటు వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. బడిలో తమిళం, సంతలో తమిళం, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. ఆ తెలుగులో వంట ఉంది, పైరు ఉంది, తిట్లు కావలసినన్ని ఉన్నాయి. ఆసుపత్రి మాత్రం లేదు. జ్వరం దాటిన ప్రతి జబ్బునూ మేం తమిళంలోనే పడతాం. ఆ తెలుగుకు అక్షరాలున్నాయని నాకు తెలుసు గాని, అవి నేర్చుకున్నది యాభై దాటాక, తమ్ముడు పోయిన తరువాతే.

తమ్ముడు నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. నాన్న పోయాక చదువు మానేసి పొలం పట్టుకున్నాడు. ఎకరన్నర అరటి. కాయ కోసం కాదు, ఆకు కోసం. తెల్లవారగానే ఆకులు కోసి, నారతో కట్టలు కట్టి, మోపెడ్ వెనక వేసుకుని హోటళ్లకు, పెళ్లి మండపాలకు ఇచ్చి వచ్చేవాడు. పెళ్లి కాలేదు. చూసిన ప్రతి సంబంధం దగ్గరా పిల్ల తరఫువాళ్లు ఒకటే అడిగేవారు, ఉద్యోగం ఏమిటని. నలభై దాటాక వాడే నవ్వడం మొదలుపెట్టాడు.

"నన్ను గూడ ఆకుకట్టలో పెట్టి మండపానికి పంపించక్కా. ఎవరన్నా పెండ్లికూతురు ఎత్తుకోని పోతుందేమో."

నేను నవ్వేదాన్ని కాదు. సంబంధం చూడవలసిన అక్కను నేనే, నూరు మైళ్ల అవతల బడి, పరీక్షలు అంటూ కూర్చున్నాను. ఆ సంగతి వాడు ఎత్తిచూపలేదు, నాకు మాత్రం గుచ్చుకునేది.

ఒక బుధవారం పొద్దున ఆకుకట్టలతో పోతూ వాడు రోడ్డు మీద పడ్డాడు. బస్సు రాసుకుపోయిందని ఒకరు, కుక్క అడ్డం వచ్చిందని ఒకరు చెప్పారు. ఏదైనా ఒకటే, తల నేలకు తగిలింది. పొరుగింటాయన ఫోను చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతికి సంధి సూత్రం చెబుతున్నాను. మధ్యాహ్నానికి మదురై ఆసుపత్రికి చేరాను. వరండాలో ఇనుప కుర్చీ మీద అమ్మ కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లకు అరటినార పీచు అంటుకుని ఉంది. కట్టలు కడుతూ ఉన్నది ఉన్నట్టే లేచి వచ్చేసినట్టుంది.

"లోపల ఉండాడు పాపా," అంది. "ఊపిరి ఆడతా ఉండాది. నేను చూసినా."

ఊపిరి ఆడుతున్న మాట నిజం. ఛాతీ లేచి దిగుతోంది. నోట్లో గొట్టం, గొట్టం అవతల మిషను. పాదం ముట్టుకుంటే వెచ్చగా ఉంది. గడ్డం రెండు రోజులుగా గీయలేదు. మంచం పక్కన వేలాడే సంచిలోకి మూత్రం చుక్క చుక్క దిగుతోంది. నేను చూసిన శవాలేవీ అలా లేవు.

మర్నాడు సాయంత్రం డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి తమిళంలో చెప్పాడు. మెదడు పూర్తిగా చచ్చిపోయింది. మొదట ఒకసారి పరీక్ష చేశారు, కొన్ని గంటల తరువాత మళ్లీ చేశారు. మిషను ఆపి చూస్తే సొంతంగా ఒక్క ఊపిరి కూడా తీయలేదు. గుండె కొట్టుకుంటోంది గాని మనిషి లేడు. మంచి మనిషి ఆ డాక్టరు. తొందరపెట్టలేదు, గడియారం చూసుకోలేదు. ప్రతి మాటా నిదానంగా, రెండుసార్లు చెప్పాడు.

అమ్మకు తమిళం నాకంటే గట్టిగా వచ్చు. సంతలో ఆకు బేరం ఆడితే అవతలివాడు చెమటలు తుడుచుకోవాలి. అయినా డాక్టరు చెప్పడం అయ్యాక ఆమె నా వైపు తిరిగింది.

"అరవంలో చెప్పింది చెవికి వచ్చింది. లోపలికి పోలేదు. మన మాటలో చెప్పు పాపా."

ఏమని చెప్పను? మా బడిలో ఏటా అవయవ దానం మీద వ్యాస పోటీ పెట్టేదాన్ని. పిల్లలు మట్టిలో కలిసేదాన్ని మనిషికి ఇద్దాం అని అందంగా రాస్తే పక్కన మంచి మార్కులు వేసేదాన్ని. ఏ వ్యాసంలోనూ ఒళ్లు వెచ్చగా ఉన్నవాడి తల్లి లేదు. లేదని నేనూ ఎత్తిచూపలేదు. ఇప్పుడు ఆ తల్లి నా ముందు కూర్చుని మా తెలుగులో చెప్పమంటోంది. ఆ తెలుగులో మెదడు చచ్చి గుండె బతకడానికి మాట లేదు.

"వాడు పోయినాడంటమ్మా," అన్నాను. "ఊపిరి మిషను ఆడిస్తా ఉండాది. వాడు కాదు."

అమ్మ పొరుగింటాయన చేత ఇంటినుంచి తెప్పించుకున్న సంచిలోంచి చిన్న గ్లాసు తీసింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. పాలు. ఇంకో చేతిలో కొంగు ముడి. ఆ ముడిలో ఏముందో విప్పకుండానే నాకు తెలుసు.

నాన్న పోయినప్పుడు నాకు ఇరవై అయిదు. మూడు రోజులు శ్వాస ఎగపోస్తూ ఉన్నాడు. ఇంట్లోవాళ్లం ఒక్కొక్కళ్లం వెళ్లి చెంచాతో పాలు పోశాం. బతికున్న నోటికి పాలు, ఆఖరిసారి. ఊపిరి ఆగాక, కాటికి తీసుకుపోయే ముందు, అదే నోట్లో బియ్యం వేశాం. పాలు ముందు, బియ్యం తరువాత. ఈ రెంటి మధ్య ఒక గీత ఉంటుంది. మా పెదనాన్న ముక్కు దగ్గర దూదిపింజ పెట్టి, అది కదలడం లేదని చెప్పగానే ఆ గీత దాటేశాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

"పాలు పొయ్యాలా, బియ్యం వెయ్యాలా? అడుగు," అంది అమ్మ.

అడిగాను. డాక్టరు అమ్మ కొంగు ముడి వైపు చూశాడు. ఆయన ఇంట్లోనూ అదే ఆచారం అయి ఉంటుంది, ప్రశ్న అర్థమైన ముఖం అది. పాలు వద్దన్నాడు, గొట్టం ఉంది, లోపలికి పోదు. బియ్యం కూడా ఇప్పుడే వద్దన్నాడు.

"పాలు వద్దు, సరి. చచ్చినోడని చెప్తారు, బియ్యం ఏల వద్దు?"

నేను దాన్ని తమిళంలోకి మార్చలేదు.

ఆ తరువాత ఒక అమ్మాయి వచ్చింది. దానం చేసే కుటుంబాలతో మాట్లాడడం ఆమె పని. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు ఉంటుంది. వచ్చి కుర్చీ మీద కూర్చోలేదు, అమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఏమీ ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనరని ముందే చెప్పింది. ఇస్తే గుండె, కాలేయం, రెండు కిడ్నీలు, ఊపిరితిత్తులు పనికొస్తాయని చెప్పింది. ఇవ్వకపోతే మిషను నడుస్తూనే ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో గుండె తనంతట తాను ఆగుతుందని చెప్పింది.

అమ్మ నాతో మెల్లగా అంది, "ఇస్తే ఈ పొద్దే చచ్చినాడు. ఇయ్యకపోతే ఎల్లుండి చస్తాడు. ఒక మనిషికి రెండు చావులు ఎట్ల పాపా?"

ఆ అమ్మాయికి తెలుగు రాదు గాని అమ్మ గొంతు అర్థమైనట్టుంది. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అప్పుడు అంది, పుస్తకాల తమిళం వదిలేసి ఇంట్లో మాట్లాడే తమిళంలో, "ఉంగ పయ్యన్ ఉసురు అంజు పేరుక్కు పోగుమ్మా."

తమిళంలో ఉసురు అంటే ప్రాణం. అంతే. మీ అబ్బాయి ప్రాణం అయిదుగురికి పోతుందమ్మా అంది. ఎంత మెత్తగా అనాలో అంత మెత్తగా అంది.

అమ్మ నా ముఖం చూసింది, మన మాటలో చెప్పమని.

చెప్పాను. "వాడి ఉసురు అయిదు మందికి పోతుందంట అమ్మా."

మా ఇంట్లో ఉసురు అనే మాటను ఊరికే వాడరు. తమ్ముడు చిన్నప్పుడు ఉడతను రాయి పెట్టి కొడితే అమ్మ వాడి చెవి మెలిపెట్టి, దాని ఉసురు తగులుతుందిరా అంది. ఊళ్లో ఒకాయన తన తల్లికి కూడు పెట్టకుండా పంపేస్తే, ముసలిదాని ఉసురు పోసుకున్నాడని ఊరంతా అంది, ఆ ఇంట్లో ఏ కీడు జరిగినా అదే చెప్పుకుంది. మాకు ఉసురంటే కాలం తీరకుండా పోయినవాళ్ల ఏడుపు. అది పోయి ఎవరికో ఒకరికి తగులుతుంది. తగిలినవాళ్లు బాగుపడరు.

అమ్మ ఆ అమ్మాయి చేతిలోంచి తన చెయ్యి లాగేసుకుంది.

"వద్దు," అంది. "వద్దు పాపా. వాండ్లు ఏం పాపం చేసినారు? ఎవరి పిల్లలో ఏమో. ఒళ్లు వెచ్చంగా ఉండేవాణ్ణి కోసి ఎత్తితే వాడి ఉసురు ఊరకే ఉంటుందా? అయిదు ఇండ్లకు తగలాలా? వద్దని చెప్పు."

నాకు అర్థమైంది. ఈ ముక్క సూటిగా రాయాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. అప్పుడే, ఆ క్షణంలోనే అర్థమైంది. నేను ఏ మాట వాడానో, అమ్మకు ఏ మాట వినిపించిందో స్పష్టంగా తెలిసింది. తప్పు దిద్దడం నాకెంతసేపు? అది కాదమ్మా, ప్రాణం అంటోంది, వాడి ప్రాణం పోయి అయిదుగురిని బతికిస్తుందంట అని ఒక్క వాక్యం చెబితే చాలు. నోరు తెరిచాను కూడా. ఐసీయూ అద్దం అవతల వాడి ఛాతీ లేచి దిగుతోంది. ఆ ఛాతీని కోస్తారని తలుచుకోగానే నా నోరు దానంతట అదే మూసుకుంది. వ్యాసాలకు మార్కులు వేసిన నేను, నా తమ్ముడిని ఇవ్వలేకపోయాను. వద్దన్న పేరు అమ్మకు వచ్చింది. నేను ఆమె చాటున దాక్కున్నాను.

"అమ్మా వేండాంగ్రాంగ," అని ఆ అమ్మాయితో తమిళంలో చెప్పాను, అమ్మ వద్దంటోందని. ఆ అమ్మాయి తల ఊపి, అమ్మ పాదాలు ఒకసారి తాకి లేచి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం గుండె ఆగింది. మిషను గీతలు పడుకున్నాయి. గొట్టం తీసేశాక డాక్టరే అమ్మ దగ్గరికి వచ్చి, ఇప్పుడు బియ్యం వేయవచ్చన్నాడు. మూడు రోజులు కొంగు ముడిలో నలిగిన బియ్యం అమ్మ వాడి నోట్లో వేసింది. గ్లాసులో పాలు ఎప్పుడో విరిగిపోయాయి. పాలు పొయ్యలేదే, పాలు పొయ్యలేదే అని ఆమె ఇంటికి చేరేదాకా అంటూనే ఉంది. వాడికి ఆఖరి పాలు దక్కలేదు.

ఆ ఏడాదంతా అమ్మను నిలబెట్టింది ఒకే ఒక్క సంగతి. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ చెప్పేది. "వాడు పోతే పోయినాడు. పరాయి పిల్లలు అయిదు మందిని వాడి ఉసురు తగలకుండా కాపాడుకున్నా." చెబుతున్నప్పుడు ఆమె వీపు నిటారుగా అయ్యేది. నేను కాఫీ కలపడానికని వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

నాకు మాత్రం ఆ మాట ఒంట్లో ముల్లులా ఉండిపోయింది. ఎవరినీ అడగలేను. ఇంటి తెలుగు అర్థాలు అమ్మకే తెలుసు, అమ్మను అడగలేను. అందుకని ఫోనులో తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన ఇదేం చాదస్తం అన్నాడు. అ, ఆ, ఇ, ఈ దిద్దుకుంటూ, తప్పు రాసినప్పుడల్లా నా చేతిని నేనే తిట్టుకుంటూ, ఆరు నెలలకు ఒక నిఘంటువు పట్టుకోగలిగాను. మొట్టమొదట వెతికింది ఆ ఒక్క మాటే. ఉసురు. పక్కనే రాసి ఉంది, ప్రాణం అని. దాని కిందే, ఉసురు తగలడం, ఉసురు పోసుకోవడం. రెండూ ఒకే మాట కింద ఉన్నాయి.

అంటే నేను తప్పు చెప్పలేదు. మాట సరైనదే. నాకు ఎంత ఊరట కలిగిందంటే, ఆ వారమే బస్సెక్కి వాడిపట్టి వెళ్లాను. అమ్మకు చెబితే నా బరువు దిగుతుందనుకున్నాను. దిగేది నా బరువని, మోయవలసింది ఆమె అని అప్పుడు తోచలేదు. తోచినా ఆగేదాన్నో లేదో.

అమ్మ పెరట్లో అరటినార చీలుస్తోంది. తమ్ముడి తోట కౌలుకు ఇచ్చినా నార చీల్చడం మానలేదు. పక్కన కూర్చుని చెప్పాను. "ఆ పొద్దు ఆసుపత్రిలో ఆ పిల్ల చెప్పింది ప్రాణమమ్మా. అరవంలో ఉసురంటే ప్రాణం. వాడి ప్రాణం పోయి అయిదు మంది బతుకుతారని చెప్పింది. నేను అదే మాట ఎత్తి చెప్పినా. నీకు వేరేగా వినపడింది."

నేను మౌనంగా ఉండిపోయిన సంగతి చెప్పలేదు. చెప్పాలనే వెళ్లాను. అక్కడిదాకా వచ్చేసరికి మాటలు అయిపోయాయి.

అమ్మ చేతిలో నార ఆగింది.

"ప్రాణమా," అంది.

"ఆమా," అని తల ఊపాను.

నార ఒళ్లో పెట్టుకుని అడిగింది, "ఆ అయిదు మంది ఇప్పుడు ఉండారా?"

ఎవరో తెలియదన్నాను. వాళ్ల పేర్లు ఎవరికీ చెప్పరు, ఇవ్వని వాళ్లకు అసలే చెప్పరు. వేరే ఎవరి దగ్గరనుంచో దొరికి ఉండవచ్చు, దొరకకపోయి ఉండవచ్చు.

"దొరకలేదంటే?"

నేను కింద పడిన నార పీచు ఏరసాగాను.

"అట్లయితే వాండ్ల ఉసురు నాకే కదా," అంది. ఏడవలేదు. నార పక్కన పెట్టి, అరచేతులు చీరకు తుడుచుకుని లోపలికి వెళ్లింది. ఏడాదిగా నిటారుగా ఉన్న వీపు మా పెరటి గడప దాటేలోపే వంగింది. నేను చూస్తూ కూర్చున్నాను.

ఆ తరువాత ఎన్ని చెప్పినా ఆమె వినలేదు. మన ప్రమేయం లేదమ్మా అన్నాను, తెలియక జరిగిందన్నాను. వినేది, తల ఊపేది, మళ్లీ అయిదు వేళ్లు మడిచేది. కూడు తినేటప్పుడు ఒక్కోసారి ముద్ద మధ్యలో ఆపి, వాండ్లలో చిన్న పిల్లలు ఉంటారా పాపా అని అడిగేది.

మొన్న తమ్ముడి దివసం, మూడో ఏడాది తద్దినం. కౌలుదారు తోటలోంచి ఆకులు కోసి తెచ్చాడు. ఏటా వాడికి ఒక ఆకు వేసి, వాడికి ఇష్టమైనవి వడ్డించి, ఆ తరువాత కాకికి పెట్టి మేం తింటాం. ఈసారి అమ్మ ఆరు ఆకులు కడగమంది. వాడి ఆకు నడుమ వేసి, మిగతా అయిదూ పక్కన వరసగా పరిచింది. వాడి ఆకులో కూడు, గుత్తి వంకాయ, వడ, పాయసం వడ్డించింది. ఆ అయిదు ఆకుల ముందుకు వచ్చి గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"బతికి ఉండేవాండ్లకు ఆకు వెయ్యకూడదు," అన్నాను. నా నోరు ఊరుకోదని చెప్పాను కదా.

"చచ్చినారని ఎవరు చెప్పినారు?" అంది. ఆకుల వైపు చూసి, "బతికి ఉండారని మాత్రం ఎవరు చెప్పినారు?"

వడ్డించలేదు. గరిటె పక్కన పెట్టింది. పాలు పొయ్యాలా బియ్యం వెయ్యాలా అని ఆసుపత్రిలో నిలబడినట్టే నిలబడింది. తరువాత నేల మీద కూర్చుని, ఆ ఖాళీ ఆకులకు దండం పెట్టింది. ఎవరికీ వినపడకుండా అనుకుంటోంది గాని, పక్కనే ఉన్న నాకు వినపడింది.

"తప్పు మాట చెప్పింది నా బిడ్డ. తెలియక చెప్పింది. దానికి వద్దు సామీ. మీ ఉసురు ఏమన్నా ఉంటే నాకు తగలనీండి."

తెలియక కాదమ్మా అనాలి. నాకు తెలుసమ్మా, ఆ పొద్దే తెలుసు, నోరు మూసుకున్నానమ్మా, వాళ్ల ఉసురు తగిలితే నాకే తగలాలి అనాలి. తమిళంలో అనవచ్చు, మా తెలుగులో అనవచ్చు. అమ్మ చదవలేని ఈ అక్షరాల్లో మాత్రం రాయగలిగాను.

ఆకుల చుట్టూ తిప్పడానికి నీళ్లు కావాలని అమ్మ చెయ్యి చాపింది. నేను చెంబు అందించాను.